రాత్రికి 11 సార్లు అదే దృశ్యం: ఒక కేస్ స్టడీ

నా దగ్గరకు వచ్చేనాటికి ఈ యువకుడికి 27 ఏళ్లు. సొంతూరు ప్రకాశం జిల్లా. బెంగళూరుకు వచ్చి నాలుగేళ్లయింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం, మారతహళ్లిలో తెలుగువాళ్లే ఎక్కువగా ఉండే ఒక పీజీలో మకాం. వెంటబెట్టుకుని వచ్చింది వైట్‌ఫీల్డ్‌లో కాపురముంటున్న అక్క. ఆమె ముందుగా నాతో విడిగా కూర్చుని, గొంతు తగ్గించి, “మేడమ్, మావాడు ఏవో ఘోరమైన బొమ్మల సినిమాలకు అలవాటు పడ్డాడు. ఎలాగైనా మాన్పించండి” అన్నది. ఆమె బాధ నిజమైనదే గాని, ‘అలవాటు’ అన్న ఆ ఒక్క మాట ఈ కేసును చాలాకాలం దారి తప్పించింది. అంతకుముందు అతన్ని చూసిన ఒక కౌన్సిలర్‌నూ తప్పించింది, మరో విధంగా నన్నూ తప్పించింది. ఆ తప్పు ఎలా జరిగిందో, ఎలా బయటపడిందో తోటి చికిత్సకులకూ ఇలాంటి పిల్లలున్న ఇళ్లకూ తెలియాలన్న ఉద్దేశంతో, అతని అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి ఈ కేసు రాస్తున్నాను.

పూర్వాపరాలు

వారమంతా ఉద్యోగం చేసుకుంటూ, శని ఆదివారాల్లో ఇద్దరు స్నేహితులతో కలిసి అతను తెలుగులో ఒక చిన్న రియాక్షన్ ఛానల్ నడిపేవాడు. ముగ్గురూ వరుసగా కూర్చుని ఒక యానిమే (జపాన్ బొమ్మల సినిమా) దృశ్యాన్ని మొదటిసారి చూస్తారు; చూస్తున్న వాళ్ల ముఖాలను కెమెరా తీస్తుంది; ఆ ముఖాల కోసమే జనం వీడియో చూస్తారు. మొదట్లో అన్నీ పిల్లలూ పెద్దలూ కలిసి చూడగలిగే పోరాట కథలే. ఆ తర్వాత వీక్షకులు ఇంకా దారుణమైనవి చూడమని అడగడం, అడిగినవి చూసినప్పుడల్లా వ్యూస్ పెరగడం జరిగి, ఏడాది తిరిగేసరికి వాళ్లు పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన పాత జపాన్ వీడియోల దగ్గరకు చేరారు.

ఆ వీడియోల పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకోకపోతే ఈ కేసు అర్థం కాదు. టీవీలో గాని థియేటర్‌లో గాని ముందుగా రాకుండా నేరుగా వీడియో రూపంలో అమ్మే ఓవీఏ (ఒరిజినల్ వీడియో యానిమేషన్) పద్ధతి జపాన్‌లో 1983లో మొదలైంది. టీవీ ప్రసారానికి ఉండే కట్టుబాట్లు ఆ మార్గంలో లేకపోవడంతో, 1980, 90 దశకాల్లో తీవ్రమైన హింసనూ లైంగికతనూ ఒకే దృశ్యంలో కలిపి చూపే వీడియోలు కొన్ని వచ్చాయి. జపాన్ శిక్షాస్మృతిలోని 175వ సెక్షన్ అశ్లీల సామగ్రి పంపిణీని నేరంగా చూస్తుంది కాబట్టి అక్కడ శరీరంలోని కొన్ని భాగాల మీద మొజాయిక్ మసక వేస్తారు; నెత్తురుకు, తెగిన అవయవాలకు ఆ సెక్షన్ మసక అడగదు. మన దేశంలో 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు తమ కార్యక్రమాలకు యూ నుంచి ఏ వరకు వయసు గుర్తులు వేయాలి. ఈ ముగ్గురు చూసిన తునకలు ఆ గుర్తులేవీ లేకుండా చేతులు మారుతూ వచ్చినవి. ఒకవేళ ‘ఏ’ గుర్తు ఉన్నా, 27 ఏళ్లవాణ్ణి అది ఆపేది కాదనుకోండి.

ముగ్గురిలో ఎడిటింగ్ ఇతనిది. అసలు దెబ్బ అక్కడ తగిలింది. వీడియో ప్లాట్‌ఫాం తీసివేయకుండా ఉండాలంటే తెర మూలన కనిపించే దృశ్యం మీద తానే మసక వేయాలి. యానిమే సెకనుకు 24 ఫ్రేములు నడిచినా, సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేములపాటు నిలిపి ఉంచుతారు గనుక సెకనుకు ఎనిమిది నుంచి పన్నెండు వేర్వేరు బొమ్మలు వస్తాయి. వాటిలో ప్రతి బొమ్మ మీదా మాస్కును చేత్తో జరపాలి. మిగతా ఇద్దరు ఒక్కసారి చూసి, కేకలు పెట్టి, బిర్యానీ తినడానికి వెళ్లిపోయిన తొమ్మిది సెకన్ల దృశ్యంతో ఇతను రాత్రి పదకొండు నుంచి మూడింటి వరకు, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రెండు రాత్రులు గడిపాడు.

అలాంటి ఒక దృశ్యంలో, లైంగికతా క్రూరత్వమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోట, షూటింగ్ జరుగుతుండగా అతని శరీరంలో ఒక్క క్షణంపాటు లైంగిక స్పందన లాంటిది కలిగింది. ముఖం మాత్రం అసహ్యం చూపింది. రెండు రోజుల తర్వాత ఎడిటింగ్‌లో తన ముఖాన్ని తానే ఫ్రేము ఫ్రేముగా చూసుకుంటున్నప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది: “ఈ అసహ్యం నేను నటించాను. లోపల నిజంగా కలిగింది ఇది కాదు. అంటే నేను ఎలాంటివాణ్ణి?” ఆ ప్రశ్న ఎనిమిది నెలలపాటు అతన్ని వదల్లేదు.

వచ్చినప్పటి స్థితి

రాత్రికి రెండు మూడు గంటల నిద్ర. పీజీకి దగ్గర్లోని ఆంధ్రా మెస్‌లో మాంసం మానేశాడు; పక్కవాళ్లు మూలుగ ఎముక కొరికిన చప్పుడుకు లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అక్క ఇంటికి వెళ్లడం తగ్గించాడు, ఎందుకంటే ఆమె వంటింట్లో నేల మీద కత్తిపీట ఉంటుంది, ఆమె దాని ముందు కూర్చుని కూరలు తరుగుతుంటుంది, ఆ సమయంలో తన మనసులోకి వచ్చే చిత్రాన్ని అతను నోటితో చెప్పడానికి నాలుగు సెషన్లు పట్టింది. ఊళ్లో అమ్మానాన్నలు రెండు సంబంధాలు చూస్తే రెండింటినీ కాదన్నాడు. ఎవరినో ప్రేమించాడేమోనని వాళ్ల అనుమానం. తనను కట్టుకునే అమ్మాయికి తన వల్ల కీడు జరుగుతుందని అతని భయం.

అన్నిటికంటే ఇంట్లోవాళ్లను కలవరపెట్టింది వేరే ఉంది. అతని ల్యాప్‌టాప్‌లో బావగారు చూసిన హిస్టరీ ప్రకారం, ఒకే తునకను ఒక్క రాత్రిలో 11 సార్లు తెరిచి చూశాడు. అతను మొదట సంప్రదించిన కౌన్సిలర్ దాన్ని అశ్లీల వ్యసనంగా నిర్ణయించి, 90 రోజులు చూడనని ప్రమాణం చేయించి, ఫోన్‌లో రోజులు లెక్కపెట్టే యాప్ పెట్టించారు. ఆరో రోజున ప్రమాణం తప్పింది. తన గురించి తనకున్న అనుమానానికి అదొక సాక్ష్యమైంది.

నేను చేసిన పొరపాటు

మొదటి సెషన్‌లో ఇచ్చిన ప్రశ్నావళుల్లో, ఆఘాత ప్రభావాన్ని కొలిచే ఐఈఎస్-ఆర్‌లో 41 వచ్చింది. 33 దాటితే లోతుగా చూడాలని సాధారణంగా అనుకుంటాం. పిలవకుండా వచ్చే దృశ్యాలు, చప్పుళ్లకు ఉలికిపాటు, తప్పించుకు తిరగడం, నిద్రలేమి అన్నీ ఉన్నాయి. నేను దాన్ని దృశ్యాఘాతంగా తీసుకున్నాను. తెర మీద చూసినదాన్ని పీటీఎస్‌డీకి, అంటే ఆఘాతం తర్వాత వచ్చే మానసిక రుగ్మతకు, కారణంగా 2013 నాటి డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం అంగీకరించదు, ఉద్యోగ విధిలో భాగంగా చూడాల్సి వస్తే తప్ప; ఛానల్ ఎడిటింగ్ ఉద్యోగం కిందకు వస్తుందా రాదా అని నేను ఆలోచించిన మాట కూడా నిజం. ఆ ఆలోచన అంతా పక్కదారి. దృశ్యం భయంకరంగా ఉందని అతను బాధపడటం లేదు. దృశ్యానికి తాను స్పందించిన తీరు తన గురించి ఏదో చెబుతోందని బాధపడుతున్నాడు. ఈ రెండూ ఒకటి కావు.

దానికి తోడు, మొదటి మూడు వారాలూ ప్రతి సెషన్ చివర “మీరు చెడ్డవారు కారు, అవి బొమ్మలు మాత్రమే” అని నేను చెబుతూ వచ్చాను. ఆ మాట వినగానే అతని ముఖం తేటపడేది. సిల్క్ బోర్డు దగ్గర 500డి బస్సు ఎక్కి మారతహళ్లిలో దిగేలోపే ఆ ఊరట కరిగిపోయి, “మేడమ్, నేను మీకు అంతా సరిగ్గా చెప్పానో లేదో, చెప్పి ఉంటే మీరు అలా అనేవారా?” అని మెసేజ్ వచ్చేది. మూడో వారంలో అలాంటి మెసేజ్‌లు రోజుకు ఏడెనిమిదికి చేరాయి. ఊరట ఇస్తున్నాననుకున్నాను, నిజానికి జబ్బుకు మేత వేస్తున్నాను.

నాలుగో వారంలో ఒక చిన్న పని ఇచ్చాను. ఆ తునకను తెరిచిన ప్రతిసారీ, తెరవడానికి ముందు ఏమనిపించింది, చూస్తున్నప్పుడు దేన్ని గమనించాడు, ముగిశాక ఏమైంది, ఈ మూడూ తెలుగులో రాయమన్నాను. తెలుగులోనే అని పట్టుబట్టడానికి కారణం ఉంది. అప్పటిదాకా అతను ‘ట్రిగ్గర్’, ‘డిస్టర్బ్’ వంటి అరువు మాటల వెనక దాక్కుంటున్నాడు. సొంత భాషలో అయితే ఒళ్లు చెప్పే మాట బయటికి వస్తుందని నా అనుభవం. అతను రాసుకొచ్చిన కాగితంలో ప్రతి వరుసా దాదాపు ఇలాగే ఉంది: ముందు, గుండె దడ, చూస్తున్నప్పుడు, “ఒంట్లో ఏమైనా అవుతోందా, కడుపులో తిప్పుతోందా లేదా అని చూసుకున్నాను”, తర్వాత, పది నిమిషాలు నిమ్మళం, మళ్లీ అనుమానం. కాగితం మొత్తంలో సుఖం అన్న మాట గాని దానికి దగ్గరి మాట గాని ఒక్కటీ లేదు.

తాళం వేశానో లేదో అని వీధి మలుపు నుంచి వెనక్కి వచ్చి లాగి చూసే మనిషికి తాళం మీద వ్యామోహం ఉండదు. ఇతను కూడా ఆ దృశ్యాన్ని చూడాలనిపించి చూడటం లేదు, తనకు అసహ్యం కలుగుతుందో లేదో తేల్చుకోవడానికి చూస్తున్నాడు. పదకొండుసార్లు చూసిన దృశ్యం మీద అసహ్యం సహజంగానే మొద్దుబారుతుంది. మొద్దుబారిన ప్రతిసారీ “చూశావా, నీకు అసహ్యం వేయడం లేదు” అని అనుమానం గెలుస్తుంది. ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ. ఓసీడీ తీవ్రతను కొలిచే వై-బాక్స్ కొలమానంలో 40కి 27 వచ్చింది, అంటే తీవ్ర స్థాయి. నిద్రలేమి సూచికలో 28కి 21, కుంగుబాటుకు పీహెచ్‌క్యూ-9లో 27కి 14.

ఇక్కడ తోటి చికిత్సకులకు ఒక మనవి. ఇలాంటి ఆలోచనలు చెప్పిన ప్రతివారూ నిరపాయమని నేను అనడం లేదు. ఆలోచన ఆనందాన్ని ఇస్తోందా, నిజమైన ఒక వ్యక్తి మీదకు మళ్లుతోందా, ఏర్పాట్లు ఏమైనా జరిగాయా, గతంలో హింస ఉందా అన్నవి సూటిగా అడగాలి, అక్కతో విడిగా మాట్లాడి సరిచూసుకోవాలి. నేను అవన్నీ చేశాను. ఈ యువకుడు ఆలోచన వచ్చిన చోటినుంచల్లా పారిపోతున్నాడు. వంటింటి గడప దాటలేకపోతున్నాడు. ప్రమాదకారి అయిన మనిషి తీరు ఇది కాదు.

గగుర్పాటుకు అర్థం చెప్పడం

చికిత్స మొదలుపెట్టేముందు, ఆ ఒక్క క్షణంలో అతని శరీరంలో జరిగినదానికి వివరణ కావాలి. ఓదార్పుగా చెబితే అది మళ్లీ మేత అవుతుంది. తెలిసిన విషయంగా ఒక్కసారి చెప్పి వదిలేయాలి. ఇంటర్ వరకు తెలుగు ఇష్టంగా చదువుకున్నవాడు కాబట్టి నేను నాట్యశాస్త్రం దగ్గర మొదలుపెట్టాను. భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే లోపలి భావానికి ఒంటి మీద కనబడే గుర్తుల్లో, రోమాంచం ఒకటి. ఒళ్లు గగుర్పొడవడానికి ఆయన చెప్పిన కారణాల్లో భయం ఉంది, చలి ఉంది, సంతోషం ఉంది, కోపం ఉంది, స్పర్శ ఉంది. ఒళ్లు ఒకటే, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం ఒకటే. కారణాలు ఒకదానికొకటి పొసగనివి. వెంట్రుకను చూసి కారణం చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇరవయ్యో శతాబ్దపు మనస్తత్వ శాస్త్రం ఇదే సంగతికి తనదైన దారిలో చేరింది: ఒక కారణంగా పెరిగిన గుండె వేగం, రక్తప్రసరణ చల్లారకముందే రెండో కారణం ఎదురైతే, మిగిలి ఉన్న ఉద్రేకం రెండోదాని ఖాతాలో పడుతుందని 1971లో డాల్ఫ్ జిల్‌మన్ అనే పరిశోధకుడు వివరించాడు. లైంగిక దృశ్యాన్నీ దారుణాన్నీ ఒకే ఫ్రేములో పెట్టినప్పుడు శరీరం ముందుగా దేనికి స్పందించిందన్నది మనిషి స్వభావానికి సాక్ష్యం కాదు.

మన ఆలంకారికులు శృంగారాన్నీ బీభత్సాన్నీ పరస్పర విరోధ రసాలన్నారు. రెంటినీ ఒకేచోట కలిపితే రసభంగమని వాళ్ల హెచ్చరిక. ఆ వీడియోలు చేసిన పని సరిగ్గా ఆ కలపడమే. పైగా బీభత్సాన్ని రసంగా ఆస్వాదించాలంటే ప్రేక్షకుడికి దాని నుంచి కొంత ఎడం ఉండాలి. రియాక్షన్ వీడియోలో ఆ ఎడం పోతుంది, ఎందుకంటే అక్కడ ప్రేక్షకుడే నటుడు. కళ్లు తిప్పుకుంటే వీడియో చెడిపోతుంది. నచ్చకపోతే లేచి వెళ్లే హక్కు లేదు. కలిగిన భావం కంటే కనబడే భావం ముఖ్యం. ఒక ఏడాదిపాటు కెమెరా కోసం అసహ్యాన్ని పెంచి చూపిన మనిషికి, తన సొంత అసహ్యం మీద నమ్మకం పోవడంలో నాకు ఆశ్చర్యమేమీ కనిపించలేదు. ఈ మాట చెప్పినప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే నేను పోగొట్టుకున్నది అదే మేడమ్” అన్నాడు.

ఇంకొక్క సంగతి చెప్పాను. మామూలు మనుషుల్లో కూడా ఇలాంటి అవాంఛిత ఆలోచనలు వస్తాయని, వాటికీ రోగుల ఆలోచనలకూ విషయంలో పెద్ద తేడా లేదని 1978లోనే రాక్‌మన్, డిసిల్వా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. తేడా అంతా ఆ ఆలోచనతో మనం చేసే పనిలో ఉంది. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోకూడదని వైద్యుడు చెప్పిన కథ తెలుగు ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే వివరించనక్కర్లేదు.

చికిత్స

ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే భయపెట్టేదానికి ఎదురుగా నిలబడి, నిమ్మళం కోసం చేసే పనిని ఆపడం. వారానికి ఒక సెషన్ చొప్పున 14 సెషన్లు. అంతకుముందే సైకియాట్రిస్ట్ దగ్గరకు పంపాను. ఆయన కుంగుబాటుకు కూడా వాడే సెర్ట్రలిన్ అనే మందును 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 150 వరకు పెంచారు. ఓసీడీకి ఈ మందులు కుంగుబాటుకంటే ఎక్కువ మోతాదులో, ఎక్కువ వారాలు కావలసి వస్తాయని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పడం మంచిది. లేకపోతే నెలలోపే మానేస్తారు.

ఎక్స్‌పోజర్‌లో ఆ తునకలను వాడాలా వద్దా అన్నది నేను ఎక్కువగా ఆలోచించిన విషయం. భయపడే వస్తువునే చూపించాలన్నది సూత్రం. కాని ఇతనికి ఆ తునకను చూడటమే కంపల్షన్, అంటే అనుమానం తీర్చుకోవడానికి మళ్లీ మళ్లీ చేసే పని. చికిత్స పేరుతో చూపిస్తే పన్నెండోసారి సరిచూసుకునే అవకాశం నేనే ఇచ్చినట్టవుతుంది. వాడలేదు. దానికి బదులు అతని చేతనే ఒక పేజీ రాయించాను: “నేను ఎలాంటివాణ్ణో నాకు ఖాయంగా ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఆ తెలియనితనంతోనే ఇవాళ ఆఫీసుకు వెళ్తాను.” దాన్ని రోజూ సొంత గొంతుతో రికార్డు చేసి, అరగంట వినాలి, వింటూ శరీరాన్ని తనిఖీ చేసుకోకూడదు. మొదటి వారం ఏడ్చాడు. మూడో వారంలో వింటూ బట్టలు మడతపెట్టుకున్నానని చెప్పాడు.

ఫుటేజీ ఉన్న హార్డ్‌డిస్క్ గురించి పెద్ద చర్చే జరిగింది. డిలీట్ చేసేస్తానన్నాడు. అంతకుముందు నాలుగుసార్లు డిలీట్ చేసి, నాలుగుసార్లూ మళ్లీ సంపాదించుకున్నాడు. చెరిపేయడం కూడా చేతులు కడుక్కోవడం లాంటిదే. అందుకని చెరపకుండా, చూడకుండా అక్క ఇంట్లో బీరువాలో పెట్టాలని ఒప్పందం చేసుకున్నాం. అది అక్కడ ఉందని తెలిసి నిద్రపోవడమే అతని సాధన.

కత్తిపీట దగ్గరకు ఆరో వారంలో వెళ్లాం. ముందు గడప దగ్గర నిలబడటం, తర్వాత అక్క పక్కన పీట వేసుకుని కూర్చోవడం, చివరికి తానే బీరకాయలు తరగడం. అక్కకు ఇచ్చిన శిక్షణ దీనికంటే కష్టమైంది. రోజూ రాత్రి ఫోన్ చేసి “అక్కా, నేను మంచివాణ్ణేనా?” అని అడిగే తమ్ముడికి “బంగారంరా నువ్వు” అనకుండా ఉండటం ఏ అక్కకైనా గుండె కోతే. ఇద్దరం కలిసి ఒక జవాబు తయారుచేశాం: “ఏమోరా, నాకేం తెలుసు. అన్నం తిన్నావా?” మొదటిసారి ఆ మాట అని ఫోన్ పెట్టేశాక ఆమె నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. పది రోజుల్లో ఆ ఫోన్లు మూడో వంతుకు తగ్గాయి.

ఛానల్ మానేయమని నేను చెప్పలేదు. ఏడో సెషన్ తర్వాత తానే తప్పుకున్నాడు. మిగిలిన ఇద్దరిలో ఒకరు ఎడిటింగ్ చేపట్టబోతుంటే, అతని ద్వారా నాలుగు జాగ్రత్తలు చెప్పి పంపాను: మసక వేసేటప్పుడు శబ్దం పూర్తిగా ఆపేయాలి, చిత్రాన్ని నలుపు తెలుపులోకి మార్చి చిన్న విండోలో పెట్టుకోవాలి, రాత్రి పదింటి తర్వాత ముట్టుకోకూడదు, ఒకే మనిషి వరుసగా రెండు వీడియోలు చేయకూడదు. కంటెంట్ మోడరేషన్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు కూడా నేను ఇలాంటివే చెబుతుంటాను.

ఫలితం

ఐదో నెల చివర వై-బాక్స్ 12, నిద్రలేమి సూచిక 9, పీహెచ్‌క్యూ-9 5. నడుమ ఒకసారి జారాడు. నాలుగో నెలలో పెళ్లిచూపులకు తేదీ ఖాయమైన రాత్రి, అలాంటిదే ఒక ట్రైలర్ వెతికి నాలుగుసార్లు చూశాడు. ఈసారి దాచలేదు, మర్నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం సెషన్‌లో కాగితం తీసి, ముందు, మధ్య, తర్వాత అన్న మూడు వరుసలూ చదివి వినిపించాడు. ఐదోసారి నొక్కబోయి ఆగి, రికార్డింగ్ విన్నానని చివర రాసి ఉంది.

ఆరు నెలల తర్వాత ఫాలో అప్‌కు వచ్చినప్పుడు దృశ్యాలు పూర్తిగా పోలేదన్నాడు. వారానికి ఒకటి రెండుసార్లు వస్తాయి, కూర తరుగుతున్నప్పుడు కూడా వస్తాయి, తరగడం ఆపడం లేదు. మాంసం తింటున్నాడు గాని మూలుగ ఎముక జోలికి ఇంకా వెళ్లలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇప్పటికీ చెమట పడుతోంది, ఆఫీసు కాల్స్‌కు ఇబ్బందిగా ఉంది. దాని కోసం మరో నాలుగు సెషన్లు పెట్టుకున్నాం. చూసిన సంబంధం కుదరలేదు, కారణం జాతకాలు. లేచి వెళ్తూ హార్డ్‌డిస్క్ సంగతి ఎత్తాడు. అక్క బీరువాలో చీరల కింద అలాగే ఉందట; నెల రోజులుగా అది గుర్తుకు రాలేదని, నా దగ్గరకు వస్తూ బస్సులో గుర్తొచ్చిందని చెప్పాడు.